ఎరువులో బలమెంత, నేలకు మేలెంత



యూరియా బస్తా కొన్నప్పుడు అందులో నత్రజని ఎంతో ఎవరినీ అడగనక్కర్లేదు. నూటికి 46 పాళ్లు అని బస్తా మీదే ఉంటుంది. డీఏపీ అయితే 18, 46 అని అందరికీ నోటికి వచ్చు. మరి మన కొట్టం వెనక ఉన్న పెంటకుప్పలో ఏమేం ఉన్నాయి, ఎంతెంత ఉన్నాయి అంటే చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఎరువు తోలితే నేలకు బలం అంటాం. మాట నిజమే. కానీ ఆ బలం ఎంత? ఈ పంటకు ఎంత అందుతుంది? నేలలో ఎంత మిగులుతుంది? ఇది తెలియక రెండు విధాలుగా నష్టపోతున్నాం. ఎరువు తోలిన చేనుకూ, తోలని చేనుకూ ఒకే లెక్కన బస్తాలు చల్లుతున్నాం. విలువ తెలియని వస్తువు మీద శ్రద్ధ ఉండదు కాబట్టి, ఎరువులోని సారం చేను చేరకముందే పోతోంది. ఈ రోజు ఆ లెక్కలు చెప్పుకుందాం. దగ్గర కాగితం, పెన్సిలు ఉంటే అంకెలు రాసుకోండి.

ముందు పశువుల ఎరువు. జాగ్రత్తగా నిల్వ చేసి, బాగా చివికిన పశువుల ఎరువులో నత్రజని నూటికి అర పాలు, భాస్వరం 0.2 పాళ్లు, పొటాష్ అర పాలు ఉంటాయి. అంటే ఒక టన్ను ఎరువులో 5 కిలోల నత్రజని, 2 కిలోల భాస్వరం, 5 కిలోల పొటాష్. మరోసారి చెబుతున్నాను: 5, 2, 5. ఎకరాకు 4 టన్నులు తోలితే 20 కిలోల నత్రజని, 8 కిలోల భాస్వరం, 20 కిలోల పొటాష్ చేనులో పడ్డట్టు.

అయితే ఈ 20 కిలోల నత్రజని అంతా ఈ పంటకే అందదు. అది సేంద్రియ రూపంలో ఉంటుంది. నేలలోని సూక్ష్మజీవులు దాన్ని తిని విడగొడితేనే వేరు తీసుకోగలుగుతుంది. అందుకే మొదటి పంటకు దొరికేది నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా, సుమారు 5, 6 కిలోలు. యూరియాలో చెప్పాలంటే 11 నుంచి 13 కిలోలు. భాస్వరం సగానికి పైగా అందుతుంది. పొటాష్ సంగతి వేరు. అది నీళ్లలో కరిగే రూపంలోనే ఉంటుంది కాబట్టి ముప్పాతిక వంతు మొదటి పంటకే దొరుకుతుంది. 20 కిలోల్లో 15 కిలోలు అనుకుంటే, అది 25 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌తో సమానం. అంటే అర బస్తా.

ఒక టన్ను వడ్లు పండాలంటే వరి పైరు నేల నుంచి దాదాపు 20 కిలోల నత్రజని తీసుకుంటుంది. ఎకరాకు రెండున్నర టన్నులు పండించే చేనుకు 50 కిలోలు కావాలి. కాబట్టి 4 టన్నుల ఎరువు తోలి ఇంకేమీ వేయకుండా ఆ దిగుబడి తీయవచ్చని నేను చెప్పను. కానీ ఎరువు విలువను ఈ ఒక్క పంట నత్రజనితోనే తూచడం మనం చేస్తున్న పెద్ద పొరపాటు. దాని అసలు విలువ నేలలో ఉంది. అక్కడికి వచ్చే ముందు, ఇప్పుడు చెప్పిన 5, 2, 5 మనకు నిజంగా దక్కుతోందా లేదా చూద్దాం.

వాన వెలిసిన తర్వాత పెంటకుప్ప దగ్గరికి వెళ్లి ఒక్క నిమిషం నిలబడండి. కుప్ప అడుగు నుంచి ముదురు గోధుమ రంగు నీరు సన్నగా పారుతూ వీధి కాలువలో కలుస్తుంటుంది. ఆ రంగు నీటిలో కరిగి పోతున్నది పొటాష్, నత్రజని. తెల్లవారుజామున కొట్టంలోకి వెళితే కళ్లు మండేలా ఘాటు వాసన కొడుతుంది. అది అమ్మోనియా. నత్రజని గాలిలో కలిసిపోతోందని ఆ వాసన చెబుతోంది. ఇక మూత్రం సంగతి. పశువు బయటికి వదిలే నత్రజనిలో దాదాపు సగం మూత్రంలోనే ఉంటుంది. పొటాష్‌లో ఎక్కువ భాగం కూడా అందులోనే. పేడలో ప్రధానంగా ఉండేది భాస్వరం, మిగిలిన నత్రజని. మనం పేడ ఎత్తి కుప్పలో వేస్తాం, మూత్రం కాలువలోకి కడిగేస్తాం. అంటే సగం ఎరువును రోజూ పొద్దున్నే పారబోస్తున్నాం.

దీన్ని ఆపడానికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. పశువుల కింద వరిగడ్డి, చెత్త, వేరుశనగ పొట్టు, ఏది దొరికితే అది పరవండి. అదీ లేకపోతే పొడి మట్టి చల్లండి. మూత్రం అందులో ఇంకుతుంది. పొద్దున్నే పేడతో పాటు ఆ తడిసిన పరుపును కూడా ఎత్తి గోతిలో వేయండి. గొయ్యి కొట్టానికి దగ్గరలో, నీడలో, వాన నీరు నిలవని మెరక మీద ఉండాలి. లోతు ఒక మీటరు, వెడల్పు ఒకటిన్నర నుంచి రెండు మీటర్లు, పొడవు మీ పశువుల సంఖ్యను బట్టి. గొయ్యి మొత్తం మీద పలచగా చల్లకుండా ఒక చివర నుంచి కొంత భాగం నింపుతూ రండి. నేల మట్టానికి మూరెడు ఎత్తు వచ్చాక మట్టి, పేడ కలిపి పైన అలికేసి పక్క భాగం మొదలుపెట్టండి. అలికిన భాగం నాలుగైదు నెలల్లో ఎరువవుతుంది. నింపేటప్పుడు మధ్య మధ్య కొద్దిగా సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లితే అందులోని జిప్సం అమ్మోనియాను పట్టి ఉంచుతుంది. ఎరువులో తక్కువగా ఉండే భాస్వరం కూడా పెరుగుతుంది.

చేనుకు తోలేటప్పుడు కూడా జరిగే నష్టం ఒకటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎరువు తోలి, చేనంతా చిన్న చిన్న కుప్పలు పోసి, వానలు పడేదాకా అలాగే ఎండకు వదిలేస్తాం. కుప్పలు ఎండి, గాలి తగిలి నత్రజని పోతుంది. మొదటి వానకు మిగిలిన సారం కుప్ప పోసిన చోటే దిగుతుంది. ఆ తర్వాత పైరు ఆ మచ్చల్లో నల్లగా, మిగతా చోట్ల పాలిపోయి కనిపించేది అందుకే. తోలిన రోజునో మర్నాడో చిమ్మి, దుక్కిలో కలిపేయాలి. అది కుదరని పక్షంలో ఎరువును గోతిలోనే ఉంచి దుక్కి ముందు తోలడం మేలు.

ఇప్పుడు మిగతా ఎరువుల సంగతి. గొర్రెల, మేకల ఎరువు పశువుల ఎరువు కంటే చాలా బలమైనది. ఆరిన ఎరువులో నత్రజని 3 శాతం, భాస్వరం 1 శాతం, పొటాష్ 2 శాతం దాకా ఉంటాయి. రాయలసీమలో, తెలంగాణలో చేలల్లో గొర్రెల మందలు కట్టించుకునే పద్ధతిలో గొప్పతనం ఇక్కడే ఉంది. పెంటికలతో పాటు మూత్రం కూడా నేరుగా నేలలోనే ఇంకుతుంది. కుప్ప లేదు, కాలువ లేదు, నష్టం తక్కువ. మంద లేచిన వెంటనే పైపైన ఒక చాలు దున్నితే ఆ మేలు నిలుస్తుంది.

కోళ్ల ఎరువులో నత్రజని 3 శాతం, భాస్వరం రెండున్నర శాతం, పొటాష్ ఒకటిన్నర శాతం లోపు. ఊక ఎక్కువ కలిసిన ఎరువులో ఇవి తగ్గుతాయి. ఇందులో నత్రజని చాలా త్వరగా విడుదలవుతుంది. పచ్చి కోళ్ల ఎరువు నారు మొదళ్ల దగ్గర వేస్తే వేర్లు మాడిపోయేది అందుకే. కుప్పగా పోసి, తడిపి, కప్పి, మాగిన తర్వాతే వాడాలి. ఏటా అదే చేనులో వేస్తూ పోతే భాస్వరం పేరుకుపోతుంది. అలాంటి చేలల్లో డీఏపీ వేసే ముందు భూసార పరీక్ష ఫలితం చూసుకోవాలి.

వర్మీకంపోస్టులో నత్రజని ఒకటి నుంచి ఒకటిన్నర శాతం, భాస్వరం, పొటాష్ దాదాపు ఒక్కో శాతం ఉంటాయి. ఒక విషయం గుర్తుంచుకోండి. వానపాము పోషకాలను సృష్టించదు. మనం మేత ఏది వేస్తే దానిలో ఉన్నదాన్నే జీర్ణం చేసి, మొక్కకు సులువుగా అందే రూపంలో ఇస్తుంది. ఒట్టి గడ్డి వేస్తే బలం తక్కువ, పేడ, పప్పుజాతి రొట్ట కలిపి వేస్తే బలం ఎక్కువ. బస్తాల్లో కొనే వారు రంగు చూసి కాకుండా బస్తా మీద రాసిన సేంద్రియ కర్బనం, నత్రజని, తేమ శాతాలు చూసి కొనండి. తేమ ఎక్కువైతే మీరు డబ్బు పెట్టేది నీళ్లకే.

నూనె తీసిన చెక్కల్లో నత్రజని అన్నిటికంటే ఎక్కువ. వేరుశనగ చెక్కలో 7 శాతం, వేప పిండిలో 5 శాతం, ఆముదపు పిండిలో 4 శాతానికి పైగా, కానుగ పిండిలో దాదాపు 4 శాతం ఉంటుంది. వేరుశనగ చెక్క పశువుకు పెట్టి, పేడను చేనుకు తెచ్చుకోవడమే తెలివైన పని. వేప, ఆముదం, కానుగ చెక్కలు నేరుగా చేనుకే. వేప పిండికి ఇంకో గుణం ఉంది. యూరియా నత్రజని త్వరత్వరగా మారి నీళ్లతో కొట్టుకుపోకుండా అది నెమ్మది చేస్తుంది. ఆ గుణం వల్లనే 2015 నుంచి మన దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ వేప నూనె పూత తప్పనిసరి చేశారు.

పచ్చిరొట్ట ఎరువులు అందరికీ అందుబాటులో ఉన్నవి. పశువులు లేని రైతుకు ఇదే దారి. జీలుగ గింజలు ఎకరాకు 10 నుంచి 12 కిలోలు చల్లి, 45, 50 రోజులకు పూత దశలో కలియదున్నితే 20 నుంచి 30 కిలోల నత్రజని నేలకు చేరుతుంది. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది 21 కిలోల లోపే. అంటే ఒక బస్తా, ఒకటిన్నర బస్తా యూరియాలో ఉండేంత నత్రజనిని ఆ మొక్క వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలి నుంచి పట్టి తెచ్చి పెట్టాయన్నమాట. చౌడు నేలకు జీలుగ, తేలిక నేలకు జనుము, వరి కోసిన మాగాణిలో పదునుకు పిల్లిపెసర సరిపోతాయి. పూత దాటనివ్వకండి. కాండం ముదిరితే కుళ్లడం ఆలస్యమవుతుంది.

ఎందుకు ఆలస్యమవుతుంది? ఇది ప్రతి రైతూ తెలుసుకోవలసిన సూత్రం. సూక్ష్మజీవి బతకడానికి కర్బనం కావాలి, దానితో పాటు కొంత నత్రజని కావాలి. లేత రొట్టలో ఒక పాలు నత్రజనికి కర్బనం 20 పాళ్ల లోపు ఉంటుంది. సూక్ష్మజీవి తినగా నత్రజని మిగులుతుంది, అది పైరుకు దక్కుతుంది. వరిగడ్డిలో ఒక పాలు నత్రజనికి కర్బనం 70, 80 పాళ్లు. అది కుళ్లేటప్పుడు చాలని నత్రజనిని సూక్ష్మజీవులు నేలలో నుంచే లాక్కుంటాయి. అప్పుడు పైరు పసుపుబారుతుంది. సరిగా చివకని ఎరువు వేసిన చేను మొదటి నెలలో పాలిపోవడానికి కారణం ఇదే. పైగా పచ్చి ఎరువుతో వేరుశనగకు వేరుపురుగు, కొబ్బరికి కొమ్ముపురుగు బెడద కూడా పెరుగుతుంది. చివికిన ఎరువును చేతిలోకి తీసుకుని చూడండి. వేడి ఉండదు, ఘాటు ఉండదు, గడ్డి పోగు ఏదో, పేడ ఏదో గుర్తుపట్టలేం. నలిపితే పొడిపొడిగా రాలుతుంది. అలా ఉంటేనే చేనుకు తోలండి.

అంతమాత్రాన వరిగడ్డి పనికిరానిదని కాదు. ఒక టన్ను వరిగడ్డిలో 5, 6 కిలోల నత్రజని, 15 కిలోలకు తగ్గని పొటాష్ ఉంటాయి. కోత మిషన్ వెళ్లిన తర్వాత అగ్గిపుల్ల గీస్తే నత్రజని, గంధకం పొగలో పోతాయి. కర్బనమంతా గాలిలో కలుస్తుంది. పైపొరలో ఉన్న మేలు చేసే జీవులు కూడా మాడిపోతాయి. గడ్డిని పశువు కింద పరవండి, కంపోస్టు గోతిలో వేయండి, లేదా నాటుకు మూడు నాలుగు వారాల ముందే దమ్ములో కలిపి కుళ్లనివ్వండి. దయచేసి తగలబెట్టకండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. భూసార పరీక్ష కార్డులో సేంద్రియ కర్బనం అని ఒక వరుస ఉంటుంది. చాలామంది దాన్ని దాటేసి కింద ఎన్ని బస్తాలు రాశారో చూస్తారు. మొదట చూడాల్సింది ఆ వరుసనే. కర్బనం అర శాతం కంటే తక్కువ ఉంటే నేల పేద నేల. అర నుంచి ముప్పావు శాతం మధ్యస్థం. ముప్పావు దాటితే మంచి నేల. మన ఎర్ర నేలలు, చల్కాలు చాలా వరకు అర శాతం లోపే ఉన్నాయి.

ఎకరం చేనులో ఆరంగుళాల లోతు మట్టి బరువు సుమారు 900 టన్నులు. అందులో అర శాతం కర్బనం అంటే నాలుగున్నర టన్నులు. దాన్ని అంటిపెట్టుకుని దాదాపు 400 కిలోల నత్రజని నేలలో నిల్వ ఉంటుంది. ఏటా అందులో కొద్ది శాతమే విడుదలై పైరుకు అందుతుంది. కానీ ఏ బస్తా వేయకపోయినా చేను ఎంతో కొంత పండేది దానివల్లే. ఆ కర్బనమే మట్టి రేణువులను కలిపి పట్టుకుంటుంది, నీటిని ఆపుతుంది, జింకు, ఇనుము వంటి సూక్ష్మ పోషకాలను వేరుకు అందే రూపంలో ఉంచుతుంది. కర్బనం లేని నేలలో ఎన్ని బస్తాలు వేసినా అడుగు చిల్లుపడ్డ కుండలో నీళ్లు పోసినట్టే.

ఇది మీ కళ్లతో మీరే చూడవచ్చు. చేనులో నుంచి ఒక ఎండిన మట్టిపెళ్ల, గట్టు మీద చెట్టు కింద ఎన్నడూ దున్నని చోటు నుంచి ఇంకో మట్టిపెళ్ల తీసుకోండి. రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి మెల్లగా వదలండి. కర్బనం తక్కువైన పెళ్ల కాసేపట్లోనే విచ్చిపోయి నీళ్లు బురదగా మారతాయి. కర్బనం ఉన్న పెళ్ల చాలాసేపు విడిపోకుండా నిలుస్తుంది, నీళ్లు తేటగా ఉంటాయి. వాన పడినప్పుడు మీ చేనులో జరిగేది కూడా ఇదే. విచ్చిపోయే మట్టి పైన పేడు కడుతుంది, మొలక పైకి రాలేదు, వాన నీరు లోపలికి ఇంకదు.

మరి 4 టన్నుల ఎరువుతో ఎంత కర్బనం చేరుతుంది? ఎరువులో సగం తేమ తీసేస్తే మిగిలేది 2 టన్నులు. అందులో కర్బనం అర టన్నుకు కాస్త ఎక్కువ. మన ఎండలకు ఏడాదిలోనే అందులో ఎక్కువ భాగం కుళ్లి గాలిలో కలుస్తుంది. మిగిలేది కొంచెమే. అందుకే ఒక ఏడు తోలి అయిదేళ్లు ఊరుకుంటే నేల మారదు. తక్కువైనా సరే, ఏటా వేయాలి. పదేళ్ల పని ఇది. కానీ చేసిన మేలు అంత తేలిగ్గా పోదు. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రంలో 1852లో బార్లీ పంట మీద ఒక ప్రయోగం మొదలుపెట్టారు. ఒక మడికి 1871 దాకా ఏటా పశువుల ఎరువు వేసి ఆపేశారు. నూరేళ్లు దాటిన తర్వాత కూడా ఆ మడి మట్టిలో, దిగుబడిలో తేడా కనిపిస్తూనే ఉంది. అక్కడ చలి ఎక్కువ కాబట్టి కర్బనం ఎక్కువ కాలం నిలుస్తుంది. మన దేశంలో 1970లో భారత వ్యవసాయ పరిశోధనా మండలి మొదలుపెట్టిన దీర్ఘకాల ఎరువుల ప్రయోగాలు మన ఎండలకు తగిన పాఠం నేర్పాయి. ఏళ్ల తరబడి ఒక్క నత్రజనే వేసిన మళ్లలో దిగుబడి పడిపోయింది. రసాయనిక ఎరువులతో పాటు పశువుల ఎరువు వేసిన మళ్లలో దిగుబడీ నిలిచింది, నేలా బాగుపడింది.

ఘనజీవామృతం, ద్రవజీవామృతం వాడే రైతులు కూడా ఈ మాట గమనించాలి. వాటిని నత్రజని శాతంతో కొలవకూడదు. అవి నేలలోని జీవులను పెంచే పని చేస్తాయి. ఆ జీవులకు తిండి మాత్రం చెత్త, రొట్ట, ఎరువు రూపంలో మనమే పెట్టాలి. చెరువు మట్టి కూడా అంతే. 2015లో తెలంగాణలో చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ మొదలయ్యాక ఎందరో రైతులు పూడిక మట్టి చేలకు తోలుకున్నారు. అందులో కొంత కర్బనం, కొన్ని పోషకాలు ఉంటాయి. అంతకంటే విలువైనది అందులోని బంకమట్టి. ఇసుక పాలు ఎక్కువైన చల్కాలో తడిని, ఎరువును పట్టి ఉంచేది అదే.

ఇక మీరు చేయాల్సినవి. ఖరీఫ్‌లోగా భూసార పరీక్ష చేయించి సేంద్రియ కర్బనం ఎంతుందో చూసుకోండి. ఉన్న ఎరువును అన్ని మళ్లకూ పలచగా పంచకుండా, ఈ ఏడు ఒక మడికి సరిపడా వేసి, మిగతా మళ్లలో తొలి వానలకు జీలుగో జనుమో చల్లండి. వచ్చే ఏడు ఇంకో మడి. భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా (పిఎస్‌బి) జీవన ఎరువు వేసే వారు 2 కిలోలను 200 కిలోల చివికిన ఎరువులో కలిపి ఎకరాకు చల్లండి. ఒట్టి నేల మీద చల్లితే ఆ జీవులు బతకవు. ఎరువు వేసిన మడిలో పొటాష్ అర బస్తా, యూరియా పది, పన్నెండు కిలోలు తగ్గించండి. జీలుగ దున్నిన మడిలో యూరియా ఇంకా ఎక్కువ తగ్గించవచ్చు. ఎంత తగ్గించాలో మీ వ్యవసాయ విస్తరణాధికారితో మాట్లాడి, భూసార పరీక్ష కార్డు వెనకే రాసి పెట్టుకోండి. ఎరువు తోలి కూడా బస్తాలు తగ్గించకపోతే ఖర్చు పెరుగుతుంది, ఎక్కువైన నత్రజనికి పురుగూ తెగులూ వస్తాయి.

ఎరువు వేయడమంటే పంటకు తిండి పెట్టడమే కాదు, మన తర్వాత ఆ చేను దున్నబోయే బిడ్డలకు మట్టిని మిగల్చడం కూడా. అది రేపు పొద్దున కొట్టంలో మొదలుపెట్టవచ్చు. పశువు కింద గుప్పెడు గడ్డి పరిచి, తడిసిన ఆ గడ్డిని పేడతో పాటు గోతిలో వేయండి.